ఎడమకి వెళ్లాలంటే

ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపిన చేతులివి.
ఎడమకి వెళ్లాలంటే ఎడమకే తిప్పాయి.
ఈ మంగళవారం పొద్దున, పోయిస్ కొండల కింద
గొర్రెలు మేసి వదిలిన గడ్డి రన్‌వే మీద
ఇద్వల్ ప్రోసర్ అంటాడు:
"ఎడమకి వెళ్లాలంటే బారుని కుడికి తొయ్యి, ఓల్వెన్.
వేగం కావాలంటే పొట్ట మీదికి లాక్కో.
పక్కకి జరిగేది రెక్క కాదు, నువ్వు."

అర్థమైందన్నాను.
నా చేతులకి అర్థం కాలేదు.

ఐదు రోజుల కోర్సులో రెండు రోజులు వాన మింగేసింది.
రేకుల షెడ్డులో టీ తాగుతూ కూర్చున్నాం,
నేనూ, వేలంశాల గుమస్తా కాడోగ్.
పెళ్లికి ముందు ఒక్క తిక్కపనైనా చెయ్యాలని వచ్చాడట.
నేనెందుకొచ్చానో అతనడగలేదు.
అడిగితే చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.
గాలిగొట్టం గుడ్డ స్తంభానికి అంటుకుపోయి
తడిసిన మేజోడులా వేలాడుతోంది.

ఇద్వల్ ఊరికే ఉండనివ్వడు.
రెక్క కిందకి తీసుకెళ్లి ఒక బోల్టు చూపించాడు,
నా చూపుడువేలంత.
ఇంజనూ, సీట్లూ, మనమిద్దరం, అన్నీ దీనికే వేలాడతాం అన్నాడు.
"కళ్లతో నమ్మకు. చేత్తో ముట్టుకో."
ముట్టుకున్నాను. చల్లగా ఉంది.
ఆ రాత్రి నిద్రలో కూడా దాన్ని తడుముకున్నాను.

శుక్రవారం మబ్బు విడిపోయింది.
కోపమొచ్చిన కుట్టుమిషనులా ఇంజను,
మోకాళ్ల కింద ఏమీ లేదు, నిజంగానే ఏమీ లేదు,
నా బూటు, దాని కింద ఒక ఆవు.
పదిహేను వందల అడుగులు. ముక్కు కారుతోంది, తుడుచుకోలేను.
ఎడమకన్నాడు. ఎడమకి తోశాను.
కొండ మొత్తం తప్పు పక్కకి జారిపోయింది.
హెల్మెట్లో వెనకనుంచి మెల్లగా,
"మళ్లీ బస్సు నడుపుతున్నావ్."

బారు ముందుకి తొయ్యమన్నాడు, ఇంకా, ఇంకా.
గాలి చప్పుడు తగ్గింది.
రెక్క ఒణికింది, ముక్కు వాల్చింది,
నా కడుపు ఇంకా పైనే ఉండిపోయింది.
లాక్కో! లాక్కున్నాను.
నాకు తెలిసిన బూతులన్నీ వెల్ష్‌లో వచ్చాయి.
ఇద్వల్‌కి అన్నీ అర్థమయ్యాయి.

తర్వాత, దానంతటది, కిందకి కనిపించింది
నా దారి.
నలభై ఒకటో నంబరు, పద్దెనిమిది మైళ్లు,
నేరుగా ఉందనుకున్న చోటల్లా మెలికలే.
నా సెలవుకి బదులొచ్చిన కుర్రాడు
చాపెల్ మలుపులో నాలుగు నిమిషాలు ఆలస్యం.
స్టాపులో ఎర్ర చుక్క, మిసెస్ బెవన్ కోటు.
ఆమె ఇంటి పొదల వెనక
ఒక నీటిగుంట!
గుండ్రంగా, ఆకాశం నింపుకుని, మధ్యలో రెండు బాతులు.
రోజుకి నాలుగుసార్లు
ఆ పొద పక్కనుంచే వెళ్లాను, ముప్పై ఒక్కేళ్లు.

కుడికి తోశాను. ఎడమకి తిరిగింది.
ఎప్పుడు ఆలోచించానో గుర్తులేదు.

ఆఖరి రోజు దింపమన్నాడు.
"నేల దగ్గరకొచ్చాక నేలని చూడకు, దూరం చూడు."
నేలనే చూశాను.
కప్పలా మూడు గెంతులు.
"మూడు ల్యాండింగులు, డబ్బు ఒకదానికే" అన్నాడు.
పుస్తకంలో రాసిచ్చాడు: నాలుగు గంటల పది నిమిషాలు.
ఒంటరిగా ఎగరడానికి ఇంకా చాలా కావాలి.
నా జీతంతో ఎన్ని నెలలో లెక్క వేశాను.
ఆ లెక్క మీకు చెప్పను.

సోమవారం, రౌండబౌటు దగ్గర,
అరక్షణం నా చేతులు కుడికి పోయాయి.
వెనక లారీ హారను. ఎవరిదో సంచి కిందపడింది.
చాపెల్ మలుపులో మిసెస్ బెవన్ ఎక్కింది,
చిల్లర లెక్కపెట్టుకుంటూ, సెలవు బాగా గడిచిందా అంది.
"మీ ఇంటి వెనక నీటిగుంట ఉంది" అన్నాను.
ఆమె చెయ్యి ఆగిపోయింది.
"మా నాన్న తవ్వాడు.
నీకెవరు చెప్పారు?"

వెనక జనం ఎదురుచూస్తున్నారు.
తలుపు వేసి, గేరు మార్చాను.
"కూర్చోండి, చెప్తాను.
దారి పొడుగునా చెప్తాను."